ట్రిగ్గర్ సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఎవరికి ఏ వీసా ఉందో చూసుకోండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. నాకు గ్రీన్ కార్డ్ ఉంది, నా భార్య ఇంకా హెచ్1బి మీదే ఉంది. నాలుగేళ్ల పాప. ఇంటి రక్షణకు 9 ఎంఎం పిస్టల్ కొనాలనుకుంటున్నాను. నేను చూసిన మూడు మోడళ్లూ ఒకే కంపెనీవి, పేరు చివర అక్షరాలే తేడా. ఒకటి స్ట్రైకర్ రకం (బయట హ్యామర్ ఉండదు, లోపలి పిన్నే తూటాని కొడుతుంది), దానికి వేలితో వేసే సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట లేదు. రెండోది అదే, సేఫ్టీతో. మూడోదానికి గొట్టం చివర (సైలెన్సర్ లాంటివి బిగించే) మరలు ఉన్నాయి. ఇవి కాక హ్యామర్ (వెనక సుత్తి లాంటి భాగం) ఉండే డబుల్/సింగిల్ యాక్షన్ పిస్టల్ కూడా నచ్చింది, అంటే మొదటి తూటాకి ట్రిగ్గర్ బరువుగా, హ్యామర్ వెనక్కి వెళ్లాక తేలికగా ఉండేది. కొన్నాక ట్రిగ్గర్ తేలిక చేయించుకోమని ఫ్రెండ్స్ చెబుతున్నారు. వచ్చే ఏడాది కాలిఫోర్నియాకి మారొచ్చు. చట్టపరంగా ఏది తీసుకుంటే మంచిది?

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు టెన్షన్ పుట్టించింది మీ భార్యగారి వీసా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బి, ఎఫ్1, ఎల్1, టూరిస్టు వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. గ్రీన్ కార్డ్ ఉన్న మీకు ఈ నిషేధం లేదు. ‘కలిగి ఉండటం’ అంటే చేతిలో పట్టుకోవడం ఒక్కటే అనుకోకండి. తుపాకీ ఎక్కడుందో తెలిసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగే స్థితిలో ఉంటే, అది ఆవిడ అధీనంలో కూడా ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. పడకగది సొరుగులో పెట్టి ఇద్దరూ వాడుకునేలా ఉంచితే సరిగ్గా ఆ పరిస్థితే వస్తుంది. ఈ నేరానికి 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. జైలు సంగతి అటుంచితే, తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి కూడా అదే ఆధారమవుతుంది. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

అందుకని మొదటి ఖర్చు సేఫ్ మీద పెట్టండి. దాని తాళం లేదా కోడ్ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. మీరు లేనప్పుడు ఆవిడకి రక్షణగా ఉంటుందన్న ఆలోచనతో కొంటుంటే ఆ ఆలోచన మానుకోండి. ఆవిడని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి ఒకసారి కాల్చమనడం కూడా చిక్కే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే దాని మీద ఆధారపడే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. పాప ఉంది కాబట్టి ఇంకో మాట. టెక్సాస్‌లో తూటాలు నింపి ఉన్న తుపాకీని నిర్లక్ష్యంగా ఉంచి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే అదే నేరం.

కొనేటప్పుడు డీలర్ ఇచ్చే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. హెచ్1బి మీదున్న ఫ్రెండ్ డబ్బిచ్చి ‘నీ పేరు మీద నాకూ ఒకటి తీసుకో’ అంటే సంతకం పెట్టకండి. మొహమాటానికి పోతే దానికీ 15 ఏళ్ల దాకా శిక్ష ఉంది.

ఇక మోడళ్లు. పేరు చివర అక్షరాలు చిన్నవిగానే కనిపిస్తాయి కానీ చట్టం వాటిని చాలా పట్టించుకుంటుంది. గొట్టం చివర మరలు ఉన్న పిస్టల్ టెక్సాస్‌లో మామూలు పిస్టలే. కాలిఫోర్నియాలో మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఊడదీయగలిగే సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కి అలాంటి గొట్టం ఉంటే దాన్ని ‘అసాల్ట్ వెపన్’గా, అంటే నిషేధిత ఆయుధంగా లెక్కిస్తారు. మారే ఆలోచన నిజంగా ఉంటే ఆ మూడోదాన్ని ఇప్పుడే పక్కన పెట్టేయండి. పది తూటాలకి మించి పట్టే మ్యాగజైన్లు కూడా అక్కడికి తీసుకెళ్లకూడదు.

కాలిఫోర్నియాలో డీలర్లు కొత్తగా అమ్మే హ్యాండ్‌గన్ ప్రభుత్వ జాబితాలో ఉండాలి. జాబితాలో ఉన్న మోడల్‌కీ ఇంకో మోడల్‌కీ రంగు, పిడి ఆకారం లాంటి పైపై తేడాలే ఉంటే కంపెనీ దరఖాస్తుతో ఆ ఇంకో మోడల్‌నీ చేర్చవచ్చు. సేఫ్టీ, ట్రిగ్గర్ యంత్రాంగం పైపై తేడాల కిందకి రావు. కొత్తగా నివాసానికి వచ్చేవాళ్లు మాత్రం జాబితాలో లేని తమ పిస్టల్‌ని తెచ్చుకోవచ్చు, 60 రోజుల్లోపు రాష్ట్ర న్యాయశాఖకి తెలియజేయాలి. పైగా 2025లో ఆ రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. క్రాస్ ఆకారపు ట్రిగ్గర్ బార్ (ట్రిగ్గర్ కదలికని లోపలి యంత్రాంగానికి అందించే పట్టీ) ఉండి, సులువుగా ఆటోమేటిక్‌గా మార్చగలిగే పిస్టళ్లని 2026 జూలై 1 నుంచి డీలర్లు అమ్మకూడదు. మసాచుసెట్స్ ఇంకా సూటిగా ట్రిగ్గర్ దగ్గరికే వెళ్లింది. ఐదేళ్ల పిల్లలు పేల్చలేని ఏర్పాటు ఉండాలని డీలర్లకి నిబంధన పెట్టింది. అందుకు చూపించిన మార్గాల్లో ఒకటి, ట్రిగ్గర్ లాగడానికి కనీసం పది పౌండ్ల బలం అవసరమయ్యేలా చేయడం.

ట్రిగ్గర్ తేలిక చేయించుకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అలా చేయించుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కాదు. ఒక్కసారి నొక్కితే వరసగా పేలేలా చేసే ‘స్విచ్’ లాంటివి మాత్రం దాన్ని మెషిన్ గన్‌గా మార్చేస్తాయి, వాటి జోలికి అసలు వెళ్లకండి. మామూలు మార్పుతో చిక్కు కాల్పు జరిగిన తర్వాత మొదలవుతుంది. ఆత్మరక్షణ వాదంలో మీరు చెప్పేది: ‘ప్రాణభయంతో, వేరే దారి లేక, తెలిసే కాల్చాను.’ తేలిక చేసిన ట్రిగ్గర్ ఉంటే అవతలి లాయర్ చెప్పేది: ‘ఈయన కాల్చాలనుకోలేదు, వేలు తగిలి పేలింది, ఇది నిర్లక్ష్యం.’ మీ భయం సమంజసమేనని ఒప్పుకున్న జ్యూరీ కూడా ఆ వాదన వైపు మొగ్గవచ్చు. పైగా ఆ పని మీరే డబ్బిచ్చి చేయించుకున్నట్టు రసీదు ఉంటుంది.

న్యూయార్క్ మాగ్లియాటో కేసు ఇప్పటికీ చదవదగ్గది. 1983లో రోడ్డు మీద గొడవ, మాగ్లియాటో అనే ఆయన రివాల్వర్ హ్యామర్ వెనక్కి లాగి గురిపెట్టాడు, అంటే సింగిల్ యాక్షన్ స్థితిలో. అనుకోకుండా పేలిందన్నాడు. జ్యూరీ హత్యానేరం ఖాయం చేసింది, అప్పీలులో అది రెండో డిగ్రీ మ్యాన్‌స్లాటర్‌కి (హత్య కంటే తక్కువైన ప్రాణహాని నేరానికి) తగ్గింది. 1986లో రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని సమర్థిస్తూ, పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని మనిషికి గురిపెట్టడమే ప్రాణాంతక బలప్రయోగమంది. అందుకే డబుల్/సింగిల్ యాక్షన్ తీసుకుంటే, గురిపెట్టే ముందు హ్యామర్ లాగే అలవాటు చేసుకోవద్దని నా క్లయింట్లకి గట్టిగా చెబుతాను. మొదటి తూటాకి ట్రిగ్గర్ బరువుగా ఉండటం ఆ రకంలోని మేలు. హ్యామర్ లాగితే ఆ మేలు పోతుంది.

సేఫ్టీ ఉన్నదా, లేనిదా? సేఫ్టీ లేని పిస్టల్ చట్టవిరుద్ధం కాదు. కానీ సిగ్ సావర్ కంపెనీ తయారుచేసిన పి320 పిస్టల్ మీద, ట్రిగ్గర్ లాగకుండానే పేలిందంటూ పడిన దావాల్లో ఈ విషయం పదేపదే చర్చకొచ్చింది. 2024లో జార్జియాలో ఒక జ్యూరీ, ఫిలడెల్ఫియాలో ఇంకో జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. డిజైన్‌లో లోపం లేదనే కంపెనీ అంటోంది. ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. తుపాకీ తయారీదారులకి 2005 చట్టం పెద్ద రక్షణ ఇచ్చినా, డిజైన్ లోపం మీద దావా వేసే దారి ఉంచింది. మీరు లోపలి భాగాలు మార్పిస్తే ఆ దారిని మీరే మూసేసుకున్నట్టు. లోపం మీరు చేయించిన మార్పులోనే ఉందని కంపెనీ అంటుంది.

నా సలహా: సేఫ్టీ ఉన్న రెండో మోడల్ గానీ, డబుల్/సింగిల్ యాక్షన్ గానీ తీసుకోండి. రెండూ రేంజ్‌లో కాల్చి చూసి మీ చేతికి కుదిరినదే కొనండి. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ అలాగే ఉంచండి. కొనే రోజున పెట్టె మీదున్న పూర్తి మోడల్ సంఖ్యని బిల్లులో అక్షరం పొల్లుపోకుండా రాయించుకోండి, కాలిఫోర్నియాలో నమోదు చేసేటప్పుడు అడిగేది అదే. ఇల్లు మారే రోజున తూటాలు తీసేసి, పిస్టల్‌ని తాళం వేసిన పెట్టెలో, కారు డిక్కీలో పెట్టండి. ఆ కారు మీరే నడపండి. మీ భార్యగారు విమానంలో వెళ్లడమే నయం.