తొమ్మిదో గ్రేడుకు ముందే ఏ-జీ పట్టిక గీసుకో

చిన్నీ,

ఆగస్టులో నువ్వు ఫ్రీమాంట్‌లో తొమ్మిదో గ్రేడులో చేరుతున్నావని అన్నయ్య చెప్పాడు. క్లాసులు ఎంచుకునే కాగితం మీ చేతికి వచ్చేలోపు ఈ నాలుగు మాటలు చదువు. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళ పిల్లలు చాలామంది పదకొండో గ్రేడులో కంగారుపడటం చూశాను కాబట్టి రాస్తున్నాను.

కాలిఫోర్నియాలో హైస్కూలు పూర్తిచేయడం వేరు, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలైన యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), సీఎస్‌యూల్లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ప్రవేశానికి అర్హత రావడం వేరు. డిప్లొమాకు రాష్ట్రం కనీసం అడిగేది మూడేళ్ళ ఇంగ్లీషు, రెండేళ్ళ లెక్కలు. విశ్వవిద్యాలయాలకు అది చాలదు. వాటికి ఏ-జీ అనే ఏడు విభాగాల్లో 15 ఏడాది కోర్సులు కావాలి: చరిత్ర రెండేళ్ళు, ఇంగ్లీషు నాలుగు, లెక్కలు మూడు, సైన్సు రెండు, ఇంగ్లీషు కాని ఒకే భాష రెండేళ్ళు, కళలు ఒక ఏడాది, ఎలెక్టివ్ (మనం ఎంచుకునే అదనపు కోర్సు) ఒక ఏడాది. అన్నిటిలోనూ సీ గ్రేడుకు తగ్గకూడదు. యూసీకైతే వీటిలో 11 పన్నెండో గ్రేడు మొదలయ్యేలోపే అయిపోవాలి.

మన ఇళ్ళలో లెక్కలూ సైన్సూ ఎవరూ మరిచిపోరు. వెనక్కి నెట్టేది భాషనూ కళలనూ. నువ్వు చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నావు, సంతోషమే. కానీ బయట గురువు దగ్గర నేర్చుకున్నది కళల విభాగానికి లెక్కకు రాదు. దరఖాస్తులో కార్యకలాపాల కింద తప్పకుండా రాసుకో, బడిలో మాత్రం సంగీతమో నాటకమో చిత్రలేఖనమో ఒక ఏడాది తీసుకోవాలి. స్పానిష్ అయినా ఫ్రెంచ్ అయినా తొమ్మిదిలోనే మొదలుపెట్టు. రెండేళ్ళు కనీసం మాత్రమే, మూడేళ్ళు చదివితే మంచిదని యూసీయే చెబుతుంది. లెక్కలు కూడా నాలుగేళ్ళు చదువు.

బడిలో ఉన్న ప్రతి క్లాసూ ఏ-జీ కింద ఆమోదం పొందినది కాదు. పేరు చూసి నమ్మకు. యూసీ వెబ్‌సైటులో మీ బడి పేరు కొడితే ఆమోదించిన కోర్సుల జాబితా వస్తుంది, ఏది ఏ విభాగమో అందులోనే ఉంటుంది.

యూసీ చూసే జీపీఏలో, అంటే గ్రేడుల సగటులో, పది, పదకొండు గ్రేడుల మార్కులే లెక్కిస్తారు. అలాగని తొమ్మిదిని తేలిగ్గా తీసుకోకు, సీ కంటే తగ్గితే ఆ కోర్సు అర్హతకు పనికిరాదు. డీ వస్తే మళ్ళీ చదివి సరిచేసుకోవచ్చు, సీ వచ్చినదాన్ని మళ్ళీ చదివి పెంచుకోవడం కుదరదు. ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు), ఆనర్స్ క్లాసులకు అదనపు పాయింటు ఎనిమిది సెమిస్టర్లకే, అంటే నాలుగు ఏడాది కోర్సులకే ఇస్తారు, అందులో పదో గ్రేడువి నాలుగుకు మించకూడదు. కాబట్టి పక్కింటి అమ్మాయి ఆరు తీసుకుందని నువ్వూ ఆరు తీసుకోకు. నిద్ర చెడగొట్టుకుని చదివే ఏపీలు నీకు వద్దు, నాకు ఇష్టం లేదు. శాట్ అనే ప్రవేశ పరీక్ష కోసం కూడా వేలకు వేలు పోయవద్దని మీ నాన్నతో చెప్పు. యూసీ ప్రవేశాలకు ఆ మార్కులు చూడరు.

కౌన్సిలర్‌ని కలిసేముందు నాలుగేళ్ళకూ పట్టిక గీసి నాకు ఫోటో తీసి పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ అత్త