ముందు ప్రింటర్ పక్కనున్న బుట్ట బోర్లించి చూడు

అమ్మలూ,

ఆఫీసులో కాగితం వృథా తగ్గించే పని నీ నెత్తిన పెట్టారని, అందరికీ ఓ మెయిల్ పంపి గోడకి ఓ పోస్టర్ అంటిస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. "అవసరమైతేనే ప్రింట్ తీయండి" అని ప్రింటర్ నెత్తినే అంటించి ఉంటుంది, దాని కిందే బుట్ట పొర్లిపోతూ ఉంటుంది, ఎన్ని ఆఫీసుల్లో చూశానో. ఎవరి ప్రింట్ వాళ్లకి అవసరమే కదా మరి. ఇన్నేళ్లు స్టేషనరీ, ప్రింటర్లు చూసుకున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, మనుషులకి నీతులు చెప్పడం మొదలుపెడితే నీ నోరు నొప్పి, వాళ్ల చెవి నొప్పి. సెట్టింగులు మార్చు, సగం పని అక్కడే అయిపోతుంది.

అంతకంటే ముందు ఇంకోటి. ఓ వారం పాటు ప్రింటర్ పక్కనున్న బుట్టని ఖాళీ చెయ్యొద్దని చెప్పి, వారం చివర అందరూ వెళ్లాక దాన్ని ఓ పెద్ద బల్ల మీద బోర్లించు. కాగితాల్ని కుప్పలు కుప్పలుగా వేరు చెయ్యి. ఎక్సెల్ పట్టికలో ఒకే ఒక్క కాలమ్ జారి పక్క పేజీలో పడ్డవి ఒక కుప్ప. పైన రెండు లైన్లు ఉండి మిగతాదంతా తెల్లగా ఉన్న చివరి పేజీలు ఇంకో కుప్ప. ప్రింట్ ఇచ్చి ఎవరూ వచ్చి తీసుకోనివి, తేదీ తప్పు పడిందని మళ్లీ తీసిన ఉత్తరాలు, జామ్ అయి ముడతలు పడ్డవి, ఎవరో ఇంటర్నెట్లో ఓ పేజీ ప్రింట్ కొడితే దాని వెంట తోకలా వచ్చిన ప్రకటనలు... ఏ కుప్ప పెద్దదో అదే నీ మొదటి పని. ఒక ఆఫీసు జబ్బు ఇంకో ఆఫీసుకి ఉండదు, అందుకే ఎక్కడో చదివిన పది చిట్కాల్ని తెచ్చి ఇక్కడ రుద్దకు.

ఏ కుప్ప ఎలా ఉన్నా చేయాల్సింది మాత్రం ఒకటుంది. రెండు వైపులా ప్రింట్ అవడాన్ని డీఫాల్ట్ చేసెయ్. ఒక్కొక్కరూ ప్రతిసారీ గుర్తుపెట్టుకుని ఎంచుకోవాలంటే జరిగే పని కాదు, ప్రింటర్ ప్రిఫరెన్సుల్లోనో, మీ ఐటీ వాళ్ల చేత సర్వర్‌లోనో ఒక్కసారి మార్పించు, ఒకవైపే కావాల్సిన వాళ్లు వాళ్లే మార్చుకుంటారు. ఇందులో చిన్న తిరకాసుంది, చెప్పకపోతే మొదటి రోజే తిట్లు తింటావు. నిలువు పేజీలకి "లాంగ్ ఎడ్జ్", అంటే పుస్తకంలా పక్కకి తిరగేసేది. అడ్డంగా పెట్టిన పట్టికల్ని కూడా పుస్తకంలా పక్కకి తిరగేసి చదవాలనుకుంటే "షార్ట్ ఎడ్జ్" ఎంచుకోవాలి. ఇది తేడా కొడితే వెనక పేజీ తలకిందులుగా వస్తుంది, చూసినవాడు విసుక్కుని మొత్తం మళ్లీ తీస్తాడు, ఆదా సంగతి దేవుడెరుగు. ఇంకో మాట, దీంతో వాడకం సగానికి పడిపోతుందని పైవాళ్లకి మాటివ్వకు. ఆఫీసులో తీసేవాటిలో ఒక్క పేజీ ఉత్తరాలే ఎక్కువైతే వాటికి వెనకవైపు పడేదేం ఉండదు.

పైవాళ్లు ఎలాగూ లెక్క అడుగుతారు. అప్పుడు ఇన్ని చెట్లు కాపాడామని చెప్పకు, ఆ లెక్కలు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు, ఎవడో ఒకడు లేచి ఎలా అని అడిగితే నీ దగ్గర జవాబుండదు. రీముల్లో చెప్పు. ఏ4 కాగితం అంటే చదరపు మీటరులో పదహారో వంతు, మనం వాడే 80 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే కాగితమైతే షీటు 5 గ్రాములు, 500 షీట్ల రీము రెండున్నర కిలోలు. నెలకి ఎన్ని రీములు విప్పారో రాసిపెట్టుకో చాలు. ప్రింటర్లోనే కౌంటర్ ఉంటుంది, అదీ చూడు, కానీ చాలా మిషన్లలో అది కాగితాల్ని కాకుండా ప్రింట్ అయిన వైపుల్ని లెక్కేస్తుంది, రెండు వైపులా మొదలుపెట్టాక అంకె తగ్గలేదేమిటని టెన్షన్ పడకు.

ఇప్పుడు ఎక్సెల్. నేను చూసినంతలో బుట్ట నింపేది ఎక్కువగా ఇదే. తెర మీద పట్టిక ఎంత వెడల్పయినా చక్కగా కనిపిస్తుంది, ప్రింట్ కొడితే చివరి కాలమ్ మాత్రం జారి, పది పేజీలది ఇరవై పేజీలవుతుంది. ప్రింట్ ఇచ్చే ముందు పేజీ బ్రేక్ ప్రివ్యూ చూడమను, పేజీ ఎక్కడ తెగుతుందో చూపే నీలం గీతలు ఎక్కడ పడుతున్నాయో తెలిసిపోతుంది. పేజీని అడ్డంగా తిప్పి, స్కేలింగ్‌లో "అన్ని కాలమ్‌లూ ఒకే పేజీలో" అన్నది ఎంచుకోవాలి. దాని పైనే "షీటంతా ఒకే పేజీలో" అని ఇంకోటి ఉంటుంది, అది నొక్కితే మూడొందల వరసలు చీమల్లా వస్తాయి, అదీ బుట్టలోకే. ఒక్కోసారి ఏమీ లేని తెల్ల పేజీలు వరసగా వస్తుంటాయి చూడు, ఎక్కడో కిందనో, కుడివైపు చివరనో ఓ గడిలో స్పేస్ కొట్టి వదిలేసి ఉంటారు, దాని దాకా మిషన్ ప్రింట్ చేసుకుంటూ పోతుంది. కావాల్సినంత మేర సెలెక్ట్ చేసి ప్రింట్ ఏరియా పెట్టేస్తే ఆ బాధ ఉండదు. హెడ్డింగ్ వరస ప్రతి పేజీలోనూ వచ్చేలా కూడా పెట్టుకోండి, లేకపోతే నాలుగో పేజీలో ఈ అంకె దేనిదో తెలియక మొత్తం మళ్లీ తీస్తారు.

వర్డ్‌లో చివరి పేజీకి రెండు లైన్లు జారితే మార్జిన్ కాస్త లాగితే చాలు. మామూలుగా నాలుగు వైపులా 2.54 సెంటీమీటర్లు ఉంటుంది, 2 చేస్తే ఎవరూ గుర్తుపట్టరు. వెబ్ పేజీలకైతే బ్రౌజర్‌లో రీడర్ వ్యూ, అంటే ప్రకటనలు తీసేసి అసలు విషయం మాత్రమే చూపించేది, అది పెట్టి ప్రింట్ ఇవ్వాలి, లేదా కావాల్సిన పేరాలు సెలెక్ట్ చేసి అవి మాత్రమే ఇవ్వాలి.

బయటినుంచి వచ్చే ఫైళ్లతో ఒక జాగ్రత్త. కొన్ని దేశాల్లో ఏ4 వాడరు, లెటర్ సైజు వాడతారు, అది మన కాగితం కంటే ఆరు మిల్లీమీటర్లు వెడల్పు, పద్దెనిమిది మిల్లీమీటర్లు పొట్టి. ఆ సైజులో చేసిన ఫైల్ అలాగే పంపితే ఒక్కోసారి అంచులు తెగుతాయి, ఒక్కోసారి ప్రింటర్ తనకి లెటర్ కాగితమే కావాలని మొండికేసి ఆగిపోతుంది, ఇది తెలియని పిల్లలు మళ్లీ మళ్లీ ప్రింట్ నొక్కుతారు. పేజీ సైజు ఏ4కి మార్చి, "ఫిట్" పెట్టి పంపితే సరి.

ఒకే కాగితం మీద రెండు పేజీలు వేసే పద్ధతి గురించి అడిగావుగా, మంచిదే. ఏ4 కొలతలు 210, 297 మిల్లీమీటర్లు, దాన్ని అడ్డంగా సగానికి మడిస్తే వచ్చే ముక్కకి కూడా అదే ఆకారం ఉంటుంది, అందుకే రెండు పేజీలు పక్కపక్కన అతికినట్టు సరిపోతాయి. కాకపోతే అక్షరం దాదాపు 71 శాతానికి తగ్గుతుంది, 12 పాయింట్లది ఎనిమిదిన్నర అవుతుంది. ఇంగ్లిష్ అయితే చదవొచ్చు. తెలుగుకి మాత్రం వద్దు, వత్తులు నల్లటి చుక్కల్లా అయిపోతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. అసలు ఫైల్లో 14 పాయింట్లు ఉంటేనే ప్రయత్నించు. తెలుగు ఫైళ్లకి ఇంకోటి, టైపు చేసిన కంప్యూటర్లోనే పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌నే ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌కి పంపమను. వర్డ్ ఫైల్ పంపితే ఫాంట్ లేక అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి, అది తెలిసేసరికి పాతిక కాపీలు బయట పడి ఉంటాయి.

"డ్రాఫ్ట్ మోడ్ పెట్టాం కదా" అని కొందరు గొప్పగా చెప్తారు. అది సిరాని ఆదా చేస్తుంది, ఒక్క కాగితాన్ని కూడా కాపాడదు. బ్లాక్ అండ్ వైట్ కూడా అంతే.

ఎవరూ తీసుకోని ప్రింట్ల కుప్ప పెద్దదైతే దానికి మంచి మందుంది. ఆఫీసు మిషన్లలో చాలావాటికి పిన్ పెట్టి ప్రింట్ ఇచ్చే ఏర్పాటుంటుంది, మనం మిషన్ దగ్గరికి వెళ్లి నంబరు కొడితే గానీ కాగితం బయటికి రాదు. వెళ్లనివాడి ప్రింట్ కొన్ని గంటలకో ఒక రోజుకో దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. జీతాల కాగితాలు ట్రేలో పడి పదిమంది కంటబడే గొడవ కూడా తప్పుతుంది, కాబట్టి పైవాళ్లని ఒప్పించడానికి ఆ కారణం చెప్పు, కాగితం మాట తర్వాత.

ఇంకో అలవాటు మాత్రం నోటితో చెప్పి మాన్పించాల్సిందే. ప్రింట్ రాలేదని మళ్లీ మళ్లీ నొక్కడం. ప్రింటర్ ఆఫ్‌లో ఉంటుంది, ఈయన అయిదుసార్లు నొక్కి విసుగొచ్చి వెళ్లిపోతాడు, సాయంత్రం ఎవరో ఆన్ చేస్తే అయిదు కాపీలూ వరసగా దిగుతాయి. రెండోసారి నొక్కే ముందు క్యూ, అంటే ప్రింట్ కోసం వరసలో ఉన్నవాటి జాబితా, తెరిచి చూడాలి, అంతే. జామ్ అయినప్పుడూ అంతే, ఇరుక్కున్న కాగితం తీసేశాక ఆ పేజీని చాలా మిషన్లు వాటంతటవే మళ్లీ వేస్తాయి, ఇంకోసారి పంపక్కర్లేదు. జామ్‌లు తరచూ వస్తుంటే కాగితాన్ని అనుమానించు ముందు. తేమ పీల్చిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అందుకే రీము విప్పాక మిగిలినవి ఆ కవర్లోనే చుట్టి ఉంచాలి, ట్రేలో వేసే ముందు అంచుల్ని ఒకసారి వేళ్లతో విదిలించాలి, పక్కనుండే గైడ్లు కాగితానికి తాకీ తాకనట్టు ఉండాలి, లోపలున్న గీత దాటి నింపకూడదు.

ఇంట్లో నీ చిన్న ప్రింటర్‌కి తనంతట తాను కాగితం తిప్పడం రాకపోతే చేత్తో తిప్పుకోవచ్చు. ఒక కాగితం మీద, ట్రేలో పైకి కనిపించే వైపున, లోపలికి వెళ్లే అంచు దగ్గర పెన్సిల్‌తో బాణం గుర్తు వెయ్యి. ఒక్క లైను ప్రింట్ ఇవ్వు. ఆ లైను బాణం ఉన్నవైపు పడిందా, వెనక పడిందా, అక్షరాల తల బాణం వైపుందా, అటు చివరుందా, చూసి ఓ చీటీ మీద రాసి ట్రే మూతకి లోపల అంటించు. ఇంకెప్పుడూ తడుముకోనక్కర్లేదు. తర్వాత బేసి పేజీలు ముందు, ఆ కట్ట తిప్పి పెట్టి సరి పేజీలు. ఏడు పేజీలైతే చివరి కాగితానికి వెనకవైపు ఏమీ ఉండదు, దాన్ని పక్కన తీసి పెట్టాకే రెండో విడత ఇవ్వు, లేకపోతే ఆరో పేజీ పోయి ఏడో పేజీ వెనక పడే ప్రమాదముంది. మొదటిసారి నాలుగు పేజీలతో చేసి చూడు, నలభైతో మొదలుపెట్టకు.

ఇంక్‌జెట్ అయితే వాడకపోతే సిరా ఎండిపోతుంది, నిజమే, దానికోసం పెద్ద రంగుల ఫొటో తీసి చూడక్కర్లేదు. నాజిల్ చెక్ అని ఉంటుంది, నాలుగు గీతలేస్తుంది, అది ఒకవైపు వాడేసిన కాగితం మీద వేసుకో. అడ్రస్ లేబుళ్లు తీసేటప్పుడు కూడా ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి, లేబుల్ షీటు మీద పెట్టి వెలుతురుకి ఎత్తి చూడు, గడుల్లో సరిగ్గా కూర్చుంటేనే అసలు షీటు పెట్టు.

ఒకవైపు వాడిన కాగితాల్ని మళ్లీ ప్రింటర్లో పెట్టాలా అంటే, ముడత, పిన్ను, మడత ఏదీ లేనివైతే ఇంటి వాడకానికి పెట్టుకో. ఆఫీసు లేజర్ మిషన్లో మాత్రం వద్దంటాను, ఒక్క స్టేప్లర్ పిన్ను లోపలికి పోతే రిపేరు ఖర్చు ముందు నీ ఆదా ఎందుకూ పనికిరాదు. వాటిని నాలుగు ముక్కలు కోసి క్లిప్పు పెట్టి నోట్స్ రాసుకోడానికి ఇవ్వు. బ్యాంకు వివరాలు, గుర్తింపు కార్డుల కాపీలు, ఒంట్లో బాగోలేనప్పటి రిపోర్టులు ఉన్న కాగితాలు అందులో కలవకుండా నువ్వే చూసుకో.

సంతకం కోసమే ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, మళ్లీ ఆ కాగితాన్ని పారేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పీడీఎఫ్‌లోనే సంతకం పెట్టొచ్చు, అవతలివాళ్లు ఒప్పుకుంటారో లేదో ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే పోయేదానికి! ఫారాలు కూడా రెండొందలు ముందే తీసి బీరువాలో పెట్టొద్దు, ఏదో ఒక లైను మారుతుంది, అన్నీ పనికిరాకుండా పోతాయి.

అలాగని మరీ చాదస్తం పనికిరాదు. ఇక కాగితం లేని ఆఫీసులే అని బిజినెస్‌వీక్ పత్రిక 1975లోనే రాసింది, వచ్చాయా? నలభై పేజీల ఒప్పందాన్ని పెన్ను పట్టుకుని, గీతలు గీసుకుంటూ చదివితేనే తప్పులు కనబడతాయి అనేవాళ్లుంటారు, వాళ్లని తీసుకోనీ. రెండు వైపులా తీసుకుంటే చాలు. నువ్వు ఆపాల్సింది ఎవరూ చదవకుండానే బుట్టలోకి పోయేవాటిని.

రీసైక్లింగ్‌కి ఇచ్చేటప్పుడు షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లు రసీదులు అందులో వేయనివ్వకు, వాటి మీద వేడికి నల్లబడే రసాయన పూత ఉంటుంది. రహస్య కాగితాలు తప్ప మిగతావి ష్రెడ్డర్లో వేయకండి, నార పొట్టిదైపోతే తిరిగి మంచి కాగితం కాదు, చాలాచోట్ల ఆ పీలికల్ని తీసుకోరు కూడా.

ఇంట్లో ప్రింటర్ మోడల్ నంబరు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, ఫొటో తీసి పంపు, అది రెండు వైపులా తనంతట వేస్తుందో లేదో చూసి చెప్తాను. బుట్టలో ఏ కుప్ప పెద్దదొచ్చిందో అది కూడా రాయి.

నీ అత్తయ్య