జెండా మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

వ్యాసం రెండుసార్లు చదివాను. 'కాషాయం త్యాగానికి, తెలుపు శాంతికి, ఆకుపచ్చ పాడిపంటలకు' అని ఎత్తుకున్నావు. పంద్రాగస్టు నాడు బళ్లో అందరం అప్పజెప్పిందే. తప్పని కాదు గానీ, ఆ అర్థాలు ఎవరు, ఎప్పుడు చెప్పారో రాయలేదు. అసలు కథంతా అక్కడే ఉందయ్యా.

ముందు 1921 నాటి బెజవాడకి వెళ్లు. కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరుగుతున్నాయి. జెండాకి రాట్నం ఉండాలన్నది జలంధర్ లాలా హంసరాజ్ మాట. గాంధీ అడిగితే మన భట్లపెనుమర్రు పింగళి వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం వేసి మూడు గంటల్లో తెచ్చిచ్చారు. అయినా కాస్త ఆలస్యమైంది, కమిటీ ముందు పెట్టలేకపోయారు. అదీ మంచికేనని గాంధీ తన పత్రిక 'యంగ్ ఇండియా'లో రాసుకున్నారు. నింపాదిగా ఆలోచిస్తే ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు సరే, మరి తక్కిన మతాలవాళ్ల మాటేమిటని తోచిందట. తెలుపు వచ్చింది అందుకు, శాంతి కోసం కాదు. నేనైతే ఆ ఆలస్యంతోనే వ్యాసం మొదలుపెట్టేవాణ్ని.

రంగుకో మతమంటే పేచీలు రాకుండా ఉంటాయా? 1931లో ఒక సంఘం వేస్తే, అది మొత్తం కాషాయ జెండానే సూచించింది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఎరుపు తీసి కాషాయం పెట్టి, రంగులకూ మతాలకూ సంబంధం లేదని తీర్మానించింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ పెట్టిన తీర్మానం సంపాదించి చదువు. రంగుల పేర్లున్నాయి, అర్థాలు లేవు. పచ్చదనమంటే నేల, మొక్కలు అని ఆనాడు ప్రసంగంలో చెప్పింది రాధాకృష్ణన్. రాట్నం పోవడానికి కారణం మరీ సాదా: ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు, వెనకనుంచి చూస్తే తారుమారు. దాని బదులు పెట్టిన సారనాథ్ అశోక స్తంభం చక్రానికి ఆ ఇబ్బంది లేదు. దానికి 24 'చువ్వలు' అన్నావు. బండి చక్రానికైనా ఆకులే అంటాం, మార్చు.

వెంకయ్యగారే నేటి జెండా మొత్తం గీశారన్నట్టు రాశావు. చక్రం ఆయనది కాదు. 1916లోనే జెండా నమూనాలతో పుస్తకం వేసిన మనిషి, లేని గొప్ప మనం అంటగట్టక్కర్లేదు.

'ఖాదీ తప్ప మరో గుడ్డ పనికిరాదు' అన్న వాక్యం కొట్టెయ్. జెండా నియమావళికి 2021 డిసెంబరులో చేసిన సవరణతో పాలిస్టరూ, మిషను మీద చేసినదీ చెల్లుతున్నాయి.

తిరగరాసి పంపు. కొట్టివేతలు అలాగే ఉంచు, నేను చూడాలి.

నీ
అన్నయ్య