ఎంఎస్ 65 అని ఉంటే నాణెం చూడటానికి కూడా బాగుంటుందా?

స్లాబ్ (గ్రేడ్ ఇచ్చిన నాణేన్ని పెట్టి మూసేసే ప్లాస్టిక్ పెట్టె) మీద ఎంఎస్ 65 (ఎంఎస్ అంటే వాడకంలోకి రానిది, 65 అంటే 70కి వచ్చిన గ్రేడ్) అని ఉంటే ఫొటో పెద్దగా పట్టించుకోకుండా కొనేయొచ్చా, గ్రేడ్ ఎక్కువుంటే అందం కూడా ఉన్నట్టే కదా అని అడిగారు. నా అనుభవం ప్రకారం అలా కొనకండి. పీసీజీఎస్, ఎన్‌జీసీ (నాణేలను పరిశీలించి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థలు) గ్రేడ్లను నేను నమ్ముతాను. నాణెం అసలుదా, ఎంత అరిగింది, ఎవరైనా తోమి పాడుచేశారా అన్న విషయాల్లో వాళ్ల మాట దాదాపు ఖాయం. అందం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ అంకె సగమే చెబుతుంది.

నా దగ్గర ఎక్కువగా ఉన్నవి అయిదో జార్జి వెండి రూపాయలు. వాటిలో 1918 నాటి బొంబాయి రూపాయలు (వెనకవైపు అడుగున పువ్వు కింద చిన్న చుక్క ఉంటుంది) రెండు స్లాబుల్లో ఉన్నాయి. ఒకటి 64, ఒకటి 62. 64 దాని మీద భూతద్దం పెట్టి వెతికినా గాటు దొరకడం కష్టం. కానీ ముఖమంతా పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది. ఎప్పుడో ఎవరో మరకలు పోగొట్టే మందు నీళ్లలో ముంచి తీసి ఉంటారని నా అనుమానం. 62 దానికి రాజు బుగ్గ మీద గాటు, గడ్డం పక్కన ఇంకోటి ఉన్నాయి. అయినా టేబుల్ లైటు కింద పెట్టి కాస్త వంచితే మెరుపు చక్రంలా తిరుగుతుంది. అంచు చుట్టూ తేనెరంగు, దాని లోపలి వైపు పల్చటి నీలం. రాజు వస్త్రం మీది బుల్లి ఏనుగు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతిలోకి తీసుకునేది దాన్నే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, గ్రేడర్లు చూసేవి చాలా ఉంటాయి. గాట్లు, అచ్చు ఎంత బలంగా పడింది, మెరుపు, చూపుకి ఎలా ఉంది, అన్నీ కలిపి చివరికి ఒక్క అంకె ఇస్తారు. మొత్తం మార్కులు చూసి లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పలేం కదా, ఇదీ అంతే. పైగా 1 నుంచి 70 వరకు ఉండే ఈ కొలత అందం కోసం పుట్టింది కాదు. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత పెద్ద రాగి సెంట్ల ధర లెక్కగట్టడానికి దీన్ని తయారుచేశాడు. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడాది ఎన్‌జీసీ వచ్చి, స్లాబులో పెట్టి అంకె వేసే పద్ధతిని స్థిరపరిచాయి. అంకె ఒక్కటే చాలదని ఎన్‌జీసీకీ తెలుసు. అందుకే ఆ గ్రేడులో చూపుకి ప్రత్యేకంగా బాగున్న నాణేలకు పక్కన నక్షత్రం గుర్తు వేస్తుంది.

ఏయూ 58 సంగతి కొత్తవాళ్లకు వింతగా అనిపిస్తుంది. కొద్దిగా చేతులు మారిన నాణెం అది, ఎత్తుగా ఉండే చోట్ల మాత్రమే లేతగా అరిగి ఉంటుంది. ఎంఎస్ 60 అంటే అసలు వాడకంలోకి రానిది. కానీ టంకశాల నుంచి సంచుల్లో ఒకదానికొకటి తగులుతూ వచ్చి నిండా గాట్లు పడి ఉండొచ్చు. రెండూ పక్కపక్కన పెడితే 58 దే బాగుందనేవాళ్లు ఎక్కువ. నేనూ అదే అంటాను. అమెరికా పాత వెండి నాణేలైన మోర్గాన్ డాలర్లలో ఇది బాగా కనిపిస్తుంది. పెద్ద నాణెం, దేవత బుగ్గ నున్నగా ఉంటుంది, ప్రతి దెబ్బా అక్కడే తేలిపోతుంది.

మన దగ్గర దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. ఇంట్లో పెట్టెలో ఉన్న నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయిని కుంకుడు రసంతోనో చింతపండుతోనో తోమితే తళతళలాడుతుంది, ఇంట్లోవాళ్లకు ఎంతో నచ్చుతుంది. గ్రేడింగుకు పంపితే అంకె రాదు, కడిగినట్టు రాసి 'డీటెయిల్స్' అని తిప్పి పంపుతారు. ఈ విషయంలో గ్రేడర్ల వైపే నేను. లైటు కింద వంచి చూడండి, మినార్ల చుట్టూ ఖాళీ చోట్లో వెంట్రుకల్లాంటి గీతలన్నీ ఒకే వైపుకి పోతూ కనిపిస్తాయి. ఒకసారి వాటిని గుర్తుపడితే ఆ తళతళ ఇక నచ్చదు. దయచేసి ఇంట్లో ఉన్న పాత వెండి నాణేలను తోమకండి.

రంగుల గురించి ఒక మాట. వెండికి కాలంతో పట్టే టోనింగ్ ఒకరికి ప్రాణం, ఇంకొకరికి మురికి. దాన్ని ఏ అంకే తేల్చలేదు. మీకు తెల్లటి నాణేలు ఇష్టమైతే రంగుల 66 కంటే రంగు పట్టని 63 కొనుక్కోండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోతో సరిపెట్టుకోకుండా, లైటు కింద నాణేన్ని మెల్లగా తిప్పుతూ తీసిన వీడియో అడగండి. మెరుపు బతికుందో లేదో అందులో తెలిసిపోతుంది. ఫొటోలో నల్లగా కనిపించేవి చేతిలో మెరిసిపోవడం, ఫొటోలో ఇంద్రధనుస్సులా ఉన్నవి చేతిలో బూడిదరంగుగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. 64కీ 65కీ మధ్య ధర బాగా పెరిగే రకమైతే ఈ జాగ్రత్త మరీ అవసరం. అదే నాణేన్ని స్లాబు పగలగొట్టి మళ్లీ పంపితే ఒక అంకె అటూ ఇటూ అవ్వడం ఈ రంగంలో మామూలే, ఎక్కువ గ్రేడ్ కోసం కావాలనే అలా పంపేవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క అంకెకు రెట్టింపు డబ్బు పెట్టే ముందు రెండు నాణేలనూ పక్కపక్కన చూడండి. లేబుల్ మీద వేలు అడ్డం పెట్టి, ఏది నచ్చిందో తేల్చుకున్నాకే ధర అడగండి.