ఆ పెట్టెని నేను అమ్మి పెట్టను చిన్నా

చెన్నై
శనివారం రాత్రి

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

మధ్యాహ్నం షాపుకొచ్చి, టీవీకి తగిలించి ఆడే నీ ప్లేస్టేషన్, ఆ పీఎస్4 ఉన్న సంచి కౌంటర్ మీద పెట్టి, "ఎంతకో కొంతకి అమ్మేసెయ్ మామయ్యా, ఇక పీఎస్6 వచ్చాకే ఆడతా" అన్నావు. చింతాద్రిపేటలో రైలు తప్పిపోతుందని పరుగెత్తావు. శనివారం రిచీ స్ట్రీట్ ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. ముగ్గురు కస్టమర్లు నిలబడి ఉన్నారు, నీతో మాట్లాడే వీలు లేకపోయింది. ఫోన్‌లో చెప్తే ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెరుంగుడి రూములో కాస్త తీరిక చూసుకుని చదువు.

సాయంత్రం షట్టర్ సగం దించి నీ పెట్టె విప్పాను. వెనక స్క్రూలు తీసి పైమూత లేపేసరికి ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా, చాప చుట్టినట్టు ఊడి వచ్చింది. పవర్ సప్లై పక్కన రెండు చచ్చిన బొద్దింకలు. వాటికి వెచ్చటి చోటు కావాలి, ఇరవై ఏళ్ళుగా మూత తీయగానే నేను ముందు వెతికేది వాటినే. హీట్ సింక్ కింద పేస్ట్ ఎండిపోయి సున్నం పెచ్చులా రాలింది. "పాతబడిపోయింది, విమానంలా అరుస్తోంది" అన్నావే, అది వయసు కాదు నాయనా, దానికి ఊపిరాడటం లేదు. అంతా తుడిచి, కొత్త పేస్ట్ పూసి, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ కూడా మార్చాను. ఇప్పుడు ఆన్ చేస్తే చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప ఫ్యాన్ చప్పుడు తెలియడం లేదు. ఒక గంట పని, అంతే.

ఆ తర్వాతది నిన్ను అడగకుండా చేశాను, ఏమీ అనుకోకు. నీ లైబ్రరీ తెరిచి చూశాను. నలభై మూడు ఆటలున్నాయి. దీపావళి సేల్, సంక్రాంతి సేల్ అంటూ కొని పడేసినవి. అందులో ముప్పై పైన ఒక్కసారి కూడా తెరవలేదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మాత్రం రెండు డిస్కులూ పెట్టి, వంద జీబీ దాకా ఎక్కించి, మొదలుపెట్టావు. నువ్వు ఆపిన చోటు, ఆ సేవ్ ఎక్కడుందా అని చూస్తే ఇంకా మంచులోనే ఉన్నావు. చిన్నా, ఆ ఆటలో మంచు కొండలు మొదటి అధ్యాయం వరకే. గుర్రాలు మంచులో ఈడ్చుకుంటూ నడుస్తుంటే విసుగొస్తుంది, నాకూ వచ్చింది. అది దాటి కిందికి దిగితే వాగులు, పచ్చగడ్డి, పొద్దుటి పొగమంచులో మేసే జింకలు. పని మానేసి ఊరికే గుర్రమెక్కి తిరగాలనిపిస్తుంది. 2018 అక్టోబరులో వచ్చిన ఆట అది. ఆ లోయ ఇన్నాళ్ళూ నీ టీవీ కింద పెట్టెలోనే ఉంది. నువ్వు దాని గుమ్మంలో ఆగిపోయి, ఇంకా పునాది కూడా కనపడని ఇంటి గృహప్రవేశం గురించి రాత్రి రెండింటిదాకా వీడియోలు చూస్తున్నావు.

పీఎస్6 సంగతి సోనీ వాళ్ళు "కొన్నేళ్ళలో" వచ్చే మెషిన్ అని మాటవరసకి అనడం తప్ప, నేనిది రాసేనాటికి తేదీ చెప్పలేదు, ధర చెప్పలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా నువ్వు నాకు ఇవాళ నిలబడ్డ రెండు నిమిషాల్లో దాని మెమరీ ఎంతో కూడా చెప్పావు.

ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు చేయబోతున్న పని నేను చేసినవాణ్ణి.

1998లో నెల్లూరు నుంచి వచ్చి ట్రిప్లికేన్‌లో ఒక మేన్షన్‌లో, అంటే బ్రహ్మచారుల లాడ్జిలో చేరాను. ఒక గదిలో ముగ్గురం. మంచాలు రెండే, ఒకడు కింద చాప మీద. చేపాక్‌లో మ్యాచ్ ఉంటే అరుపులు మాకు కిటికీలోంచే వినపడేవి. ముగ్గురం డబ్బులేసుకుని బర్మా బజార్‌లో సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్ కొన్నాం, పద్నాలుగు అంగుళాల టీవీ ఒకటి సంపాదించాం. ఉన్న డిస్క్ ఒకటే, వినింగ్ ఎలెవెన్ అనే ఫుట్‌బాల్ ఆట. జపాన్ డిస్క్, మెనూ అంతా జపాన్ అక్షరాలే. పైనుంచి మూడోది నొక్కితే మ్యాచ్, నాలుగోది నొక్కితే ఇంకేదో అని కంఠతా పట్టాం. ఓడినవాడు ఫ్లాస్కు పట్టుకుని మూడంతస్తులు దిగి టీ తేవాలి. రాత్రి పదకొండింటికి పక్క గది వాళ్ళు గోడ మీద కొట్టేదాకా ఆట.

2000 మార్చిలో జపాన్‌లో పీఎస్2 వచ్చింది. మౌంట్ రోడ్డులో పాత పత్రికలు అమ్మే చోట దాని బొమ్మలు చూశాం. ఆటగాళ్ళ మొహాలు గుర్తుపట్టేలా ఉన్నాయి. గదికొచ్చి మా టీవీ చూస్తే అంతా రేకు ముక్కలు కదిలినట్టు కనపడింది. నిన్నటిదాకా అదే ఆటకి అరిచిన వాళ్ళమే! రెండు వారాల్లో దాని మీద మనసు విరిగిపోయింది. ఒక ఆదివారం బర్మా బజార్‌కే తీసుకెళ్ళి అమ్మేశాం. తలా నెలకి ఐదొందలు నా దగ్గర జమ చేయాలని ఒప్పందం.

ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా గదిలో టీవీ ఉంది గానీ దాని ముందు ముగ్గురం ఎప్పుడూ కూర్చోలేదు. సాయంత్రం ఎవరి దారి వాడిది. డబ్బు కూడే వేళకి ఒకడికి మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంకొకడు పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయాడు. వాళ్ళ వాటాలు వాళ్ళకి ఇచ్చేసి, 2002లో నేనొక్కణ్ణే పీఎస్2 కొన్నాను. పెట్టెలో ఒకటే కంట్రోలర్ వస్తుంది కదా, రెండోది కొనలేదు. రెండో సాకెట్‌లో ఆ మెషిన్ ఉన్నన్నాళ్ళూ ఎవరూ వైరు గుచ్చలేదు. బొమ్మ మాత్రం చెప్పినట్టే ఉంది, గడ్డి పరకలు కనపడుతున్నాయి. గోల్ కొట్టి పక్కకి తిరిగి చూసేవాణ్ణి.

మస్కట్ వాడు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. మేం ఆట గురించి మాట్లాడుకుంటే అది ఆ జపాన్ మెనూ ఆటే.

మాలాంటి వాళ్ళు ఊరూరా ఉన్నారని ఈ పనిలో దిగాక తెలిసింది. సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ అని ఒక మెషిన్ తెచ్చింది, 1998 నవంబరులో జపాన్‌లో, 1999 సెప్టెంబరు 9న అమెరికాలో. లోపల మోడెమ్ పెట్టి, ఇంటర్నెట్‌లో ఆడుకునేలా చేశారు. ఆ రోజుల్లో అది ఎంత ముందుచూపో ఆలోచించు. కానీ అప్పటికే సోనీ పీఎస్2 వస్తోందని ప్రకటించేసింది. "ఇంకొన్నాళ్ళు ఆగుదాం" అని ఎంతోమంది చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సెగాకి పాత నష్టాలు కూడా ఉన్నాయి, తప్పంతా ఎదురుచూపుదే అనను. 2001 జనవరిలో ఇక తయారు చేయమని చెప్పేశారు. చక్కటి ఆటలున్న మెషిన్ అది. ఆగినవాళ్ళు అవి ఆడకుండానే పోయారు.

ఇంకో మాట, ఇది మీ తరం అసలు గమనించడం లేదు. మెషిన్ కొత్తగా వచ్చిన ఏడాది దాని గొప్ప ఆటలు రావు. కొత్త పెనం మీద మొదటి దోశ అంటుకుంటుందని మీ అమ్మమ్మ చెప్పేది చూడు, అలాగే. ఆటలు చేసేవాళ్ళకి ఆ చిప్ దేనికి లొంగుతుందో, మెమరీలోకి ఏది ఎప్పుడు తెచ్చుకోవాలో తెలియడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. పీఎస్3లో సెల్ అనే ప్రాసెసర్ పెట్టారు, దాంతో మొదట్లో అందరూ తంటాలు పడ్డారు. చివరికి లాస్ట్ ఆఫ్ అస్, జీటీఏ 5 అనే రెండు ఆటలు అదే పీఎస్3 మీద 2013 జూన్‌లో, సెప్టెంబరులో వచ్చాయి. ఆ నవంబరులోనే పీఎస్4 వచ్చింది. గాడ్ ఆఫ్ వార్ 2 ఇంకా విచిత్రం, పీఎస్3 మార్కెట్లోకి వచ్చాక 2007లో పీఎస్2కి వచ్చింది. మన హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ వాళ్ళు హనుమంతుడి ఆట చేసింది కూడా పీఎస్2కే, 2009లో. నీ పీఎస్4నే తీసుకో. ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2020 జులైలో వచ్చింది, పీఎస్5కి నాలుగు నెలల ముందు. ఆ డిస్క్ కవర్ మీది ప్లాస్టిక్ నువ్వు ఇంకా చింపనేలేదు. ఈ సంచిలోనే ఉంది.

సరే, నీ పక్షం కూడా చెప్తాను. జీటీఏ 6 కావాలంటావు, అది పీఎస్4 మీద రాదు, నిజమే. కానీ దానికి పీఎస్6 దాకా ఆగడం ఎందుకు? అది పీఎస్5కి చేస్తున్న ఆట. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, మళ్ళీ 2026 నవంబరు 19కి జరిపారు. అలాంటిదాని చుట్టూ సాయంత్రాలు పేర్చుకోకు. అది బయటికొచ్చి, నలుగురు ఆడి, బాగుందని తేలాక, అప్పుడు ఒక పీఎస్5 తీసుకో. డిస్క్ పెట్టే మోడలే కొను, డిజిటల్ మోడల్ వద్దు. నీ పీఎస్4 ఆటలు దాదాపు అన్నీ అందులో ఆడతాయి, సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లో మోసుకుపోవచ్చు. కాబట్టి ఇవాళ ఆడిన గంట ఎక్కడికీ పోదు.

ఏ మెషిన్ అయినా వచ్చిన మొదటి నెల మాత్రం కొనకు. 2021లో చూశాను కదా. పీఎస్5 మన దేశంలో ఫిబ్రవరి 2న వచ్చింది, ధర 49,990. జనవరిలో బుకింగ్ తెరిస్తే నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత నెలల తరబడి కుర్రాళ్ళు షాపుకొచ్చి, ఎంతైనా ఇస్తాం అన్నా, ఎక్కడైనా ఇప్పించండి అనేవాళ్ళు. కొందరు పెట్టె ధరకి పైన వేలకు వేలు పోసి కొన్నారు. వాళ్ళలో ఒకబ్బాయి నెల తర్వాత వచ్చి, ఆడటానికి కొత్త ఆటలేమీ లేవు, పీఎస్4 డిస్కులుంటే ఇవ్వండి అని అడిగాడు. పోనీ ఆగితే చవకవుతుందా అంటే, 2022 నవంబరులో అదే మెషిన్ 54,990 చేశారు. పాతబడితే రేటు తగ్గుతుందన్న మా కాలం లెక్క ఇప్పుడు నమ్మకంగా చెప్పలేం. డబ్బు మాత్రం ఇప్పటినుంచే దాచు. బ్యాంకులో నెలకి పదిహేను వందల ఆర్‌డీ కట్టు. మూడేళ్ళకి నీ సొమ్మే యాభై నాలుగు వేలు, పైన వడ్డీ. ఏ మెషిన్ వచ్చినా అప్పు చేయకుండా నిలబడతావు. ఈ పీఎస్4 అమ్మితే నేనైనా, ఇంకెవరైనా ఏడెనిమిది వేల కంటే ఇవ్వరు. దానితో నీకు పీఎస్6 దగ్గర పడదు, చేతిలోది పోతుంది.

ఇక ఎలా ఆడాలో చెప్తాను. నలభై మూడు ఆటల లిస్టు ముందు కూర్చుంటే ఏది పెట్టాలో తెలియక ఫోన్ పట్టుకుంటావు, నాకు తెలుసు. అందుకే హార్డ్‌డిస్క్‌లో రెడ్ డెడ్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేశాను. అవి కొన్నవే, ఎప్పుడైనా మళ్ళీ దించుకోవచ్చు. మంగళవారం, శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి తిన్నాక గంటన్నర పెట్టుకో. ఫోన్ వంటింట్లో పెట్టిరా. మంచు దాటేదాకా వదలకు. దాటాక ఒక మూడు సాయంత్రాలు ఆడి, అప్పటికీ మనసు పట్టకపోతే నిస్సంకోచంగా తీసేసి, సుషిమా పెట్టు. నచ్చని ఆటని డబ్బు పెట్టాం కదా అని లాక్కుంటూ ఆడనక్కర్లేదు. లీకులు, పుకార్లు చూడటం పూర్తిగా మానమని చెప్పను, ఆ సరదా నాకూ తెలుసు, కొత్త మెషిన్ బొమ్మ చూస్తే ఈ వయసులోనూ నాకు చేతులు దురదపెడతాయి. నెలకోసారి, మొదటి ఆదివారం, కాఫీ తాగుతూ చూసుకో. ముప్పై రోజుల పుకార్లు ఒక్కసారి చూస్తే సగం అబద్ధాలని అప్పటికే తేలిపోయి ఉంటాయి.

మీ రూములో ఆ గుంటూరు అబ్బాయి ఉన్నాడు కదా, వచ్చే మార్చిలో పూణే వెళ్ళిపోతున్నాడని నువ్వే చెప్పావు. అతను ఆడతాడా? ఎప్పుడైనా అడిగావా? ఇట్ టేక్స్ టూ అని 2021లో ఒక ఆట వచ్చింది, పీఎస్4కీ ఉంది. ఇద్దరుంటేనే మొదలవుతుంది, ఒక్కడివే ఆడదామన్నా ఆడనివ్వదు. అది సేల్‌లో దొరికితే తీసుకో. ఈలోపు ఫుట్‌బాల్ డిస్క్ ఒకటి, ఎక్స్చేంజ్‌లో వచ్చిన పాత ఫిఫా, సంచిలో వేశాను. టీములు పాతవి, ఆట ఆటే.

డిస్క్ పక్కన రెండో కంట్రోలర్ కూడా పెట్టాను. షాపులోదే, ఎడమ స్టిక్ తనంతట తాను పక్కకి లాగుతుంటే మార్చి కొత్తది వేశాను. ఛార్జింగ్ వైరు కాస్త వదులుగా ఉంటుంది, మెల్లగా పెట్టు. సోమవారం తొమ్మిదిదాకా షాపు తీసే ఉంటాను, వచ్చి సంచి తీసుకెళ్ళు. అతన్ని కూడా తీసుకురా, కింద టీ తాగుదాం.

మీ మామయ్య