ట్రాఫిక్‌లో మాన్యువల్ కారు నడపాలంటే ముందు ఎడమ కాలు కుదరాలి

లైసెన్స్ వచ్చింది, ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతున్నాను, ట్రాఫిక్‌లోకి వెళ్తే మాత్రం సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతోంది, వెనక హారన్లతో టెన్షన్ వచ్చేస్తోంది, ఆటోమేటిక్‌కి మారిపోవాలా అని అడిగారు. నేను నేర్చుకున్నది మాన్యువల్ కారు మీదే. ఇప్పటికీ రోజూ రద్దీ వేళల్లో దాన్నే నడుపుతున్నాను. తర్వాత మా చెల్లికీ మా బావగారికీ పక్కన కూర్చుని నేర్పించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీకు డ్రైవింగ్ రాదని మాత్రం అనుకోకండి. ఖాళీ రోడ్డు మీద ఆగిన బండిని కదిలించే పని బయలుదేరేటప్పుడు ఒకసారి ఉంటుంది, అంతే. ట్రాఫిక్‌లో అదే పని నాలుగడుగుల దూరం కోసం పదే పదే చేయాలి. అంటే మీకు అన్నిటికంటే తక్కువ అలవాటున్న పనే అక్కడ అన్నిటికంటే ఎక్కువ పడుతోంది. అందుకే దాన్నొక్కదాన్నీ విడిగా ప్రాక్టీస్ చేయాలి.

ఇంజిన్ ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే సగం భయం పోతుంది. క్లచ్ పూర్తిగా నొక్కితే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. వదులుతూ వస్తుంటే, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కి క్లచ్ ప్లేటు ఆనడం మొదలవుతుంది. ఆ చోటునే బైటింగ్ పాయింట్ అంటారు. యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ సుమారు 700 నుంచి 900 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర తిరుగుతుంటుంది. ఆగి ఉన్న బండి బరువంతా దాని మీద ఒక్కసారి పడితే తట్టుకోలేక ఆగిపోతుంది, కొంచెం కొంచెంగా పడితే లాగేస్తుంది. తేడా అంతా మీ పాదం వదిలే వేగంలో ఉంది.

ఖాళీగా, చదునుగా ఉన్న స్థలానికి వెళ్లండి. సీటు సరిచేసుకోండి. క్లచ్ అడుగు దాకా నొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. ఫస్ట్ గేర్ వేయండి. కుడి కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచండి, యాక్సిలరేటర్ జోలికి అసలు వెళ్లకండి. ఇప్పుడు బ్రేకు మీద ఒత్తిడి తీసేసి క్లచ్‌ని మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, సీటు కింద సన్నటి అదురు తెలుస్తుంది. అక్కడ పాదం ఆపేయండి. బండి దానంతటదే కదులుతుంది. కదిలాక కూడా ఒకటి రెండు క్షణాలు పాదాన్ని అక్కడే ఉంచి, ఆ తర్వాతే మిగతా క్లచ్ వదలాలి. చాలామంది దగ్గర ఇంజిన్ ఆగేది సరిగ్గా ఇక్కడే. బండి కదిలిందనగానే పని అయిపోయిందనుకుని కాలు తీసేస్తారు.

మా చెల్లికి కుదరనిది కూడా ఇదే. గమనించి చూస్తే, తను మోకాలి దగ్గర నుంచి కాలంతా పైకి లేపుతోంది. అలా లేపితే చివరి అంగుళం మీద పట్టు ఉండదు. మడమ నేలకు ఆనించి, పాదం ముందు భాగంతోనే క్లచ్ వదలమన్నాను. కొన్ని కార్లలో పెడల్ ఎక్కువ దూరం వస్తుంది కాబట్టి మడమ కాస్త జరుగుతుంది, ఫర్వాలేదు. ఆ మార్పుతోనే తన బండి కుదుపులు చాలావరకు తగ్గాయి. మందపాటి అట్ట ఉన్న బూట్లు వేసుకుంటే క్లచ్ ఆనడం కాలికి తెలియదు, నేర్చుకునేటప్పుడు పలచటివి వేసుకోండి.

ఇప్పటి కార్లలో ఆర్‌పీఎం పడబోతుంటే కంప్యూటరే కాస్త ఇంధనం ఎక్కువ పంపి నిలబెడుతుంది. అందుకే చదును రోడ్డు మీద ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే మనిషి నడిచినంత వేగంతో బండి వెళ్తుంది. ట్రాఫిక్‌లో మీకు కావలసిన వేగం చాలాసార్లు అదే. బంపర్‌కి బంపర్ ఆనించినట్టున్న రోడ్డు మీద కుడి కాలు బ్రేకు మీద, ఎడమ కాలు క్లచ్ మీద ఉంటే చాలు.

ఇక రోడ్డు మీదికి వచ్చాక నేను గట్టిగా చెప్పేది మీ ముందున్న బండికీ మీకూ మధ్య ఖాళీ వదలమని. ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుకి ఆనే చోటు మీకు కనబడుతూ ఉండాలి. అది రెండడుగులు జరిగిన ప్రతిసారీ మీరూ జరగక్కర్లేదు. కాస్త చోటు ఏర్పడనిచ్చి ఒకేసారి వెళ్లండి, క్లచ్ వాడకం బాగా తగ్గుతుంది. ఆ ఖాళీలోకి ఎవరైనా దూరితే దూరనివ్వండి. కదిలే ముందు రెండు అద్దాలూ చూడండి, టూవీలర్లు ఎటు నుంచైనా వస్తాయి.

ఫస్ట్ గేర్ బండిని కదిలించడానికీ పాకించడానికీ మాత్రమే. గంటకు పది కిలోమీటర్లు దాటి సాగుతుంటే సెకండ్‌కి మార్చండి. సెకండ్‌లో వేగం పడిపోయి బండి వణికితే వెంటనే క్లచ్ నొక్కండి. వేగంగా వెళ్తూ ఆపాలంటే ముందు బ్రేకు, చివర్లో క్లచ్. పాకుతున్నప్పుడు రెండూ కలిపి.

సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వేసి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. క్లచ్ నొక్కిపట్టి కూర్చుంటే దాన్ని విడదీసే రిలీజ్ బేరింగ్ అనే భాగం అరుగుతుంది, కాలూ లాగుతుంది, అలసిన కాలు సరిగ్గా పచ్చలైటు పడ్డప్పుడే మాట వినదు. ముందు వరుసలో బండ్లు కదలడం కనబడగానే గేర్ వేసుకుంటే సరిపోతుంది. ఎత్తు మీద మాత్రం హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగం వదిలి పట్టుకుని బండిని నిలబెట్టకండి, క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చేది అందుకే. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్ బ్రేక్ దించండి, వెనక్కి జారదు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు ఇంజిన్ ఆగుతుంది. అప్పుడు చేయాల్సిన పనుల వరుసను ఖాళీ స్థలంలోనే, కావాలని ఆపి, అలవాటు చేసుకోండి. బ్రేకు నొక్కి పట్టుకోవాలి. క్లచ్ అడుగు దాకా నొక్కాలి, చాలా కార్లు అలా నొక్కకపోతే స్టార్టే కావు. స్టార్ట్ చేసి, గేర్ ఫస్ట్‌లో ఉందో లేదో చూసుకుని వెళ్లిపోవాలి. ఇంజిన్ ఆగాక బ్రేకును మాటిమాటికీ నొక్కి వదలకండి, రెండు మూడు సార్లకే పెడల్ గట్టిపడిపోతుంది. ఒక్కసారి నొక్కి అలాగే పట్టండి. మా బావగారికి ఈ వరుసను పైకి చెబుతూ చేయమన్నాను. నోరు వరుస చెబుతుంటే హారన్ల మీదికి మనసు పోలేదని ఆయనే అన్నారు. వెనకవాళ్లకు పోయేది కొన్ని సెకన్లు, దానికోసం మీరు కంగారుగా క్లచ్ వదిలితే మళ్లీ ఆగుతుంది.

మొదట్లో రోజూ ఒకే దారిలో, రద్దీ మొదలవక ముందే వెళ్లండి. దారి తెలిసిపోతే మనసంతా కాలి మీద పెట్టొచ్చు. తర్వాత కొంచెం కొంచెంగా రద్దీ వేళకు జరపండి. పక్కన కూర్చునేవాళ్లు అరవని మనిషి అయి ఉండాలి, ఈ విషయంలో మొహమాటపడకండి.

ఆటోమేటిక్ సంగతికొస్తే, మోకాలి నొప్పి లాంటి ఇబ్బంది ఉంటే నిస్సంకోచంగా తీసుకోండి. ఇంజిన్ ఆగిపోతోందన్న ఒక్క కారణంతో అయితే మాత్రం, ఆ ఖాళీ స్థలంలో క్లచ్ కుదిరేదాకా ఆగి, అప్పుడు ఆలోచించండి.