సూది గుచ్చుకున్నా తెలియడం లేదు

ప్రశ్న: నా వయసు 47. చెన్నై మాంబళంలో జాకెట్లు కుడతాను. రొమ్ము క్యాన్సర్‌కు వారానికొకసారి చొప్పున 12 సార్లు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించాలన్నారు. 5 అయ్యాయి. వేళ్ళ కొసలు మొద్దుబారుతున్నాయి. నిన్న హుక్కులు కుడుతుంటే సూది గుచ్చుకుంది. తెల్ల గుడ్డ మీద ఎర్రచుక్క చూశాకే నాకు తెలిసింది. డాక్టరుకు చెబితే మందు ఆపేస్తారేమోనని భయం. పక్కింటావిడ బి-కాంప్లెక్స్ మాత్రలిచ్చింది. వేసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ఆ ఎర్రచుక్క సంగతి ఆరోసారి మందు ఎక్కించకముందే డాక్టరుకు చెప్పండి. బెంగళూరులో 22 ఏళ్ళు కీమో వార్డులో నర్సుగా పనిచేశాను. మీలాగే దాచిపెట్టిన ఒకావిడ తొమ్మిదో వారంలో ఒంటి చెప్పుతో వార్డుకు వచ్చింది. రెండోది ఆటో దిగేటప్పుడే జారిపోయిందట, కాలికి తెలియలేదు. ముందే చెబితే మోతాదు తగ్గించడమో, ఒక వారం వాయిదా వేయడమో, మందు మార్చడమో చేస్తారు. దాచిపెడితే తిమ్మిరి ముదిరి మందు పూర్తిగా ఆపాల్సి రావచ్చు.

ఇక మాత్రలు. మీ తిమ్మిరి ఈ మందు నరాలను దెబ్బతీయడం వల్ల వచ్చేది. ఆ దెబ్బ తగలకుండా ఆపుతుందని రుజువైన మాత్ర ఒక్కటీ లేదు. బి-కాంప్లెక్స్‌లో ఉండే బి6 విటమిన్‌ను అతిగా వాడితే అదే తిమ్మిరి తెచ్చిపెడుతుంది. ‘నరాల టానిక్’ అని అమ్మే అసిటైల్ ఎల్ కార్నిటిన్ జోలికి అసలే పోవద్దు. అమెరికాలో 400 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులపై పరీక్షిస్తే, అది వేసుకున్నవాళ్ళకే తిమ్మిరి ఎక్కువైంది. డులోక్సెటిన్ అనే మందు రాస్తారు కానీ, అది వచ్చిన నొప్పిని తగ్గించడానికే.

ఉన్నంతలో నాకు గురి కుదిరింది చల్లదనం మీద. మందు ఎక్కే గంటసేపు, దానికి ముందూ వెనకా పావుగంట చొప్పున ఫ్రీజర్‌లో పెట్టిన గ్లవ్స్, సాక్స్ తొడుగుతారు. రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళకు మందు తక్కువగా చేరుతుంది. జర్మనీలో ఒక చేతిని చల్లబరిచి, రెండో చేతిని వదిలేసి చూశారు. చెప్పుకోదగ్గ తిమ్మిరి వదిలేసిన చేతిలో 50 శాతం మందికి వస్తే, చల్లబరిచిన చేతిలో 29 శాతం మందికి వచ్చింది. చలికి తట్టుకోలేనివారికి ఒక సైజు చిన్న సర్జికల్ గ్లవ్స్ ఒకదానిపై ఒకటి బిగుతుగా వేసినా కొంత మేలు కనిపించింది. ఖర్చూ తక్కువే. మీ వార్డులో అడిగి చూడండి. ఇంట్లోని ఐసు ముక్కలను మాత్రం చర్మానికి నేరుగా ఆనించకండి, మొద్దుబారిన వేలికి చలిగాయమైనా తెలియదు.

షుగరు ఉంటే అదుపులో పెట్టుకోండి. వేడి కాఫీ టంబ్లరును వేళ్ళతో పరీక్షించకండి. హుక్కుల పని కొన్నాళ్ళు ఇంకొకరికి అప్పగించండి.